ఊపిరితిత్తి గడ్డకు రక్తం ఎంత వెళ్తోంది? పెట్ స్కాన్‌తో కొలిచే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మామూలు ఎఫ్‌డీజీ (రేడియోధార్మికత తగిలించిన చక్కెర) పెట్ స్కాన్ చూస్తే గడ్డ చక్కెరను ఎంత లాక్కుంటోందో తెలుస్తుంది. ఆ చక్కెరను మోసుకొచ్చిన రక్తం ఎంతో మాత్రం తెలియదు. ఈ రెండూ ప్రతిసారీ కలిసే నడుస్తాయని లేదు. బాగా వెలిగే గడ్డకు రక్తం తక్కువగా అందుతుండొచ్చు, మధ్యస్థంగా వెలిగే గడ్డలో రక్తం ధారాళంగా పారుతుండొచ్చు. కీమో మందు గడ్డ లోపలికి చేరేది రక్తంతోనే. రేడియేషన్ సరిగ్గా పనిచేయాలంటే కావలసిన ఆక్సిజన్‌ను తెచ్చేదీ రక్తమే. అందుకే ఈ కొలత మీద అంకాలజీ వాళ్ళకు ఆసక్తి.

న్యూక్లియర్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నవాళ్ళు, టెక్నాలజిస్టులు, మెడికల్ ఫిజిసిస్టులు చదివి పని మొదలుపెట్టేలా దీన్ని రాస్తున్నాను. హైదరాబాద్‌లో దొరికే వనరులు, ఇక్కడికి వచ్చే పేషెంట్లు నా దృష్టిలో ఉన్నారు. ఇది రోజువారీ చికిత్సలో భాగమైన పరీక్ష కాదు, పరిశోధనలో వాడే కొలత. కాబట్టి ముందుగా ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంటు చదివి (లేదా చదివించుకుని) సంతకం చేసిన సమ్మతి పత్రం ఉండాలి. మందును పరీక్షించే ట్రయల్‌లో భాగమైతే సీటీఆర్ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) ముందే నమోదు చేయాలి. ఆసుపత్రికి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు ఎలాగూ ఉంటుంది. ప్రోటోకాల్ మారుతోందని మీ ఆర్ఎస్ఓకు (రేడియేషన్ భద్రతాధికారికి) మాత్రం ముందే చెప్పండి. స్కానర్ గదిలోనే ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి సిబ్బందికి తగిలే డోసు లెక్క మారుతుంది.

మొదటి మెట్టు: ఏ రక్తం సంగతి అడుగుతున్నారో తేల్చుకోండి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఊపిరితిత్తికి రెండు దారుల్లో రక్తం వస్తుంది. గుండె కుడివైపు నుంచి బయల్దేరే రక్తమంతా పల్మనరీ ఆర్టరీ గుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దానితో పోలిస్తే చాలా తక్కువ రక్తం ఛాతీలోని అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని) నుంచి బ్రాంకియల్ ఆర్టరీల ద్వారా వస్తుంది. హైదరాబాద్ అపార్టుమెంటులో మంజీరా లైనూ (నగర నల్లా నీళ్ళు) బోరూ రెండూ ఉన్నట్టే అనుకోండి. చుట్టూ ఉన్న మామూలు ఊపిరితిత్తి మంజీరా మీద బతుకుతుంది, క్యాన్సర్ గడ్డ ఎక్కువగా బోరు నీళ్ళు తోడుకుంటుంది. అంటే గడ్డకు ప్రధాన సరఫరా బ్రాంకియల్ ఆర్టరీల నుంచే. కొన్ని గడ్డలు, ముఖ్యంగా అంచుల్లో, పల్మనరీ వైపు నుంచి కూడా కొంత తీసుకుంటాయి.

దీని వల్ల ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. దాదాపు ప్రతి న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోనూ చేసే టెక్నీషియం-99ఎం ఎంఏఏ (రేడియోధార్మికత తగిలించిన ప్రొటీన్ రేణువులు) లంగ్ పర్ఫ్యూజన్ (రక్తప్రసరణ) స్కాన్ గడ్డ రక్తప్రవాహాన్ని కొలవదు. ఎంఏఏ రేణువుల పరిమాణం ఎక్కువగా 10 నుంచి 90 మైక్రాన్లు. చేతి సిరలోకి ఎక్కిస్తే అవి గుండె కుడివైపు దాటి, పల్మనరీ కేశనాళికల్లో చిక్కుకుని అక్కడే ఆగిపోతాయి. బ్రాంకియల్ ఆర్టరీ దాకా వెళ్ళవు. అందుకే ఆ స్కాన్‌లో గడ్డ ఉన్నచోట ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీని చూసి "గడ్డకు రక్తం లేదు" అని రిపోర్టులో రాస్తే తప్పు.

అయితే "రక్తప్రవాహం స్కాన్ చేయండి" అని సర్జన్ చీటీ రాసినప్పుడు చాలాసార్లు ఆయనకు కావలసింది ఈ ఎంఏఏ స్కానే. ఒక ఊపిరితిత్తిని తీసేస్తే మిగిలినదానితో మనిషి నెట్టుకురాగలడా అన్నది ఆయన ప్రశ్న. ఆ లెక్క తేలిక. ఉదాహరణకు ఆపరేషన్‌కు ముందు ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) 1.8 లీటర్లు, తీసేయబోయే ఊపిరితిత్తికి మొత్తం పర్ఫ్యూజన్‌లో 30 శాతం వెళ్తోంది అనుకుందాం. 1.8ని 0.7తో గుణిస్తే ఆపరేషన్ తర్వాత అంచనా 1.26 లీటర్లు. ఆయనకు కావలసింది అదే అయితే ఎంఏఏ స్కాన్ చేసి పంపేయండి. కింద చెప్పేదంతా అవసరం లేదు. ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే తేలిపోయే విషయమిది.

రెండో మెట్టు: ట్రేసర్ ఎంపిక

ట్రేసర్ అంటే ఒంట్లోకి ఎక్కించి స్కానర్‌తో వెంబడించే రేడియోధార్మిక పదార్థం. ఆదర్శమైనది ఆక్సిజన్-15 నీళ్ళు. నీరు కేశనాళిక గోడను దాదాపు అడ్డూఅదుపూ లేకుండా దాటుతుంది, కణాల్లో ఇరుక్కోదు, జీవక్రియతో మారిపోదు. కాబట్టి గడ్డలోకి ఎంత వేగంగా చేరింది, ఎంత వేగంగా బయటికి వెళ్ళింది అన్నదే రక్తప్రవాహం. ఈ ఆలోచనకు పునాది వేసింది 1940ల్లో అమెరికాలో నైట్రస్ ఆక్సైడ్‌తో మెదడు రక్తప్రవాహాన్ని కొలిచిన సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్. పెట్‌లో ఈ రోజుకీ వాడే లెక్క వాళ్ళ సూత్రానికి కొనసాగింపే. డోసు కూడా తక్కువ. 370 మెగాబెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత) ఎక్కించినా పేషెంటుకు అందే రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్ట్.

చిక్కల్లా ఆయుష్షుతోనే. ఆక్సిజన్-15 అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, 122 సెకన్లు. సైక్లోట్రాన్ (ఇలాంటి ట్రేసర్లను తయారుచేసే యంత్రం) పక్క భవనంలో ఉండి, ట్రేసర్ నేరుగా పైపులో స్కానర్ గదికి వచ్చే చోటే ఇది సాధ్యం. ఊరవతల తయారుచేసి, ట్రాఫిక్‌లో అరగంటలో బంజారాహిల్స్ చేర్చారనుకున్నా అప్పటికి దాదాపు 15 అర్ధాయువులు గడిచిపోయి ఉంటాయి. బయల్దేరినదాంట్లో ఇరవై ఆరు వేల వంతు కూడా మిగలదు. అదే అరగంటలో ఫ్లోరిన్-18 (అర్ధాయువు 110 నిమిషాలు) సుమారు 83 శాతం మిగిలి ఉంటుంది. మన ఊళ్ళో ఎఫ్‌డీజీని బయటి నుంచి తెప్పించుకుని కూడా సెంటర్లు నడపగలగడానికి కారణం ఈ తేడాయే.

నైట్రోజన్-13 అమ్మోనియా అర్ధాయువు పది నిమిషాలు, దానికీ సైక్లోట్రాన్ పక్కనే ఉండాలి. పైగా పొగతాగే వాళ్ళ ఊపిరితిత్తుల్లో అది ఎక్కువగా నిలిచిపోతుంది. ఊపిరితిత్తి క్యాన్సర్ పేషెంట్లలో అలాంటివాళ్ళే ఎక్కువ కదా. రుబీడియం-82 (76 సెకన్లు) స్ట్రాన్షియం-82 జనరేటర్ నుంచి వస్తుంది, సైక్లోట్రాన్ అక్కర్లేదు. కాకపోతే జనరేటర్ ఖరీదు ఎక్కువ. రోజూ గుండె స్కాన్లు చేసే సెంటర్‌కే గిట్టుబాటు అవుతుంది.

అందువల్ల సైక్లోట్రాన్ పక్కన లేని సెంటర్లకు నా సలహా ఒకటే: ఎఫ్‌డీజీతోనే, ఇంజెక్షన్ ఇచ్చిన మొదటి నిమిషాలను పట్టుకోండి. దీన్నే ఫస్ట్-పాస్ పద్ధతి అంటారు. ఆక్సిజన్-15 నీళ్ళతో పోల్చి చూసిన పరిశోధన 2008లోనే వచ్చింది. పెద్ద సౌలభ్యం ఏమిటంటే పేషెంటుకు ఎలాగూ ఎఫ్‌డీజీ ఇస్తున్నారు. అదే ఇంజెక్షన్‌తో ముందు రక్తప్రవాహం, గంట తర్వాత మామూలు హోల్ బాడీ స్కాన్ రెండూ అవుతాయి. అదనంగా పడేది ఛాతీకి ఇంకో లో-డోస్ సీటీ మాత్రమే. స్కానర్ మీద మరో ఇరవై నిమిషాలు పోతాయి. అపాయింట్‌మెంట్లు చూసుకునే వాళ్ళతో గొడవ ముందే పెట్టుకోండి, పేషెంటు టేబుల్ మీద ఉన్నప్పుడు కాదు.

మూడో మెట్టు: పేషెంటును సిద్ధం చేయడం

ఎఫ్‌డీజీకి మామూలు నియమాలే: కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఖాళీ కడుపు, మంచినీళ్ళు తాగొచ్చు, రక్తంలో షుగర్ 200 లోపు. ఆచరణలో ఇది అంత తేలిక కాదు. నల్గొండ నుంచో కరీంనగర్ నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషి ఎంజీబీఎస్ బస్టాండులో దిగగానే ఒక చాయ్ తాగుతాడు. "ఏమైనా తిన్నారా" అని అడిగితే "ఏం తినలేదు సార్" అంటాడు, అది నిజమే. "పొద్దున చాయ్ గానీ, బిస్కెట్ గానీ, బెల్లం గానీ నోట్లో వేసుకున్నారా పెద్దాయనా?" అని అడగండి. షుగర్ పేషెంట్లయితే మందులు ఎప్పుడు వేసుకున్నారో రాసుకోండి.

రక్తప్రవాహం కొలతకు అదనంగా కావలసినవి ఇవి. బీపీ, గుండె వేగం, ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్. రక్తహీనత ఉన్నవాళ్ళలో గుండె ఎక్కువ రక్తాన్ని తోస్తుంది, అది గడ్డ అంకెలోనూ కనిపిస్తుంది. కీమో రెండు మూడు సైకిళ్ళు అయినవాళ్ళ హిమోగ్లోబిన్ మొదటి స్కాన్ నాటికంటే తగ్గి ఉంటుందన్నది మరచిపోవద్దు. ఈ మధ్య ఎకో తీసి ఉంటే ఆ రిపోర్టు కూడా దగ్గర పెట్టుకోండి. తర్వాత ఒక చోట పనికొస్తుంది.

క్యాన్యులా 20 గేజి లేదా అంతకన్నా పెద్దది, మోచేతి మడతలో వేయాలి. మణికట్టు మీద సన్నటి సిరలో వేస్తే బోలస్ (ఒక్కసారిగా ఎక్కించిన ట్రేసర్) సాగిపోతుంది. అలాంటప్పుడు ఈ పరీక్ష మొదలుపెట్టకపోవడమే మంచిది. ఏ చెయ్యి? మామూలుగా కుడి చెయ్యి. ఎడమ చేతి నుంచి వచ్చే సిర అయోర్టా కొమ్మలకు ముందుగా అడ్డంగా దాటి వెళ్తుంది. గాఢమైన ట్రేసర్ ఆ దారిన పోతే అయోర్టా కొలత పాడవుతుంది. గడ్డ కుడి ఊపిరితిత్తి పైకొనలో ఉంటే మాత్రం కుడి సబ్‌క్లేవియన్ సిర మెరుపు దాని మీద పడొచ్చు. అప్పుడు ఎడమ చెయ్యి తీసుకుని, అయోర్టాలో కొలిచే చోటును కిందికి జరుపుకోవడం మేలు.

ఊపిరి గురించి పేషెంటుకు అర్థమయ్యే భాషలో చెప్పండి. తెలుగైనా, పాతబస్తీ నుంచి వచ్చినవాళ్ళకు ఉర్దూ అయినా. "గట్టిగా పీల్చొద్దు, ఆపొద్దు, నిద్రపోయేటప్పుడు ఎలా తీస్తారో అలాగే తీయండి" అంటే సరిపోతుంది. దగ్గు ఎక్కువగా ఉన్నవాళ్ళకు ముందే దగ్గు మందు ఇచ్చి పడుకోబెట్టడం నయం. టెన్షన్ పడే పేషెంటును ఐదు నిమిషాలు ఊరికే టేబుల్ మీద పడుకోనివ్వండి. గుండె వేగం దిగాకే మొదలుపెట్టండి.

నాలుగో మెట్టు: స్కానర్

పని మొదలుపెట్టే ముందు డోస్ కాలిబ్రేటర్ (ఎక్కించే డోసును కొలిచే పరికరం), స్కానర్ ఒకే అంకె చెబుతున్నాయో లేదో క్రాస్ కాలిబ్రేషన్ చేసి చూసుకోవాలి. గడియారాలన్నీ, అంటే స్కానర్, డోస్ కాలిబ్రేటర్, ఇంజెక్టర్, గోడ మీదది, ఒకే సమయం చూపాలి. హోల్ బాడీ స్కాన్‌లో అర నిమిషం తేడా ఎవరికీ కనిపించదు. ఐదు సెకన్ల ఫ్రేముల్లో (వరసగా తీసే చిత్రాల్లో) అది పరీక్షనే తినేస్తుంది.

పేషెంటును ఒకే బెడ్ పొజిషన్‌లో ఉంచాలి, టేబుల్ కదలకూడదు. మామూలు స్కానర్లలో ఆ నిడివి 15 నుంచి 26 సెంటీమీటర్లు. అందులో గడ్డా పడాలి, అసెండింగ్ అయోర్టా గానీ ఎడమ జఠరిక గానీ పడాలి. ఊపిరితిత్తి గడ్డలకున్న వరం ఇదే: పెద్ద ధమని ఎలాగూ పక్కనే ఉంటుంది, చేతి ధమనిలో సూది గుచ్చి రక్తం తీయాల్సిన పని ఉండదు. గడ్డ అడుగున డయాఫ్రమ్ మీద ఉంటే డిసెండింగ్ అయోర్టాను వాడుకోండి.

అటెన్యుయేషన్ కరెక్షన్ (కిరణాలు ఒంట్లో ఆగిపోయిన మేరకు అంకెను సర్దడం) కోసం తీసే లో-డోస్ సీటీని మామూలు ఊపిరిలోనే తీయాలి. లోతుగా పీల్చి ఆపమంటే ఊపిరితిత్తులు ఉబ్బి, డయాఫ్రమ్ కిందికి దిగి, పెట్‌లో గడ్డ ఒకచోట, సీటీలో మరోచోట ఉంటాయి. గడ్డ ఉన్న చోట సీటీకి గాలి కనిపిస్తే కరెక్షన్ తక్కువగా పడి అంకె దెబ్బతింటుంది.

లిస్ట్ మోడ్‌లో (ప్రతి సంకేతాన్నీ దాని సమయంతో సహా దాచే పద్ధతిలో) తీయండి. ఫ్రేములను తర్వాత ఎలాగైనా కోసుకోవచ్చు. నేను సిఫారసు చేసే కోత: 5 సెకన్లవి 24, తర్వాత 10 సెకన్లవి 6, ఆపైన ఓపిక ఉంటే నిమిషానివి 7. మొత్తం పది నిమిషాలు. ఆక్సిజన్-15 నీళ్ళ సౌకర్యం ఉన్నవాళ్ళకు కూడా పది నిమిషాల స్కాన్ సరిపోతుంది.

ఐదో మెట్టు: ఇంజెక్షన్

డోసు కిలోకు 5 మెగాబెక్వెరెల్ చాలు. 60 కిలోల మనిషికి 300, అంటే సుమారు 8 మిల్లీక్యూరీలు. ఇంకా ఎక్కువ ఇస్తే చిత్రం నీట్‌గా వస్తుందనే ఆశ ఇక్కడ పనికిరాదు. బోలస్ ఒక్కసారిగా గుండెలోకి వచ్చినప్పుడు పాత స్కానర్ల డిటెక్టర్లు ఉక్కిరిబిక్కిరై, శిఖరాన్ని తక్కువ చేసి చూపిస్తాయి.

స్కాన్ మొదలుపెట్టిన 10 సెకన్ల తర్వాత ఇంజెక్షన్ ఇవ్వండి. 5 మిల్లీలీటర్ల ట్రేసర్‌ను సెకనుకు 1 మిల్లీలీటర్ చొప్పున, వెంటనే 30 మిల్లీలీటర్ల సెలైన్‌ను కొంచెం వేగంగా. పవర్ ఇంజెక్టర్ ఉంటే సిబ్బందికీ మంచిది, ప్రతి పేషెంటుకూ ఒకే తీరుగా వెళ్తుంది. చేత్తో ఇచ్చేటట్లయితే ఎప్పుడూ ఒకే మనిషి ఇవ్వడం నయం. తర్వాత సిరంజిలో, ట్యూబులో మిగిలినదాన్ని కొలిచి తీసేయండి. క్యాన్యులా దగ్గర చర్మం కింద ట్రేసర్ చిందిందేమో హోల్ బాడీ స్కాన్‌లో ఆ చేతిని చూడండి. చేతులు పైకెత్తి ఉంటాయి కాబట్టి చాలాసార్లు ఫ్రేములో మోచేయి ఉండదు. ఒక్క నిమిషం అదనంగా దాన్నీ తీయండి.

ఆరో మెట్టు: రక్తం గ్రాఫు

అయోర్టా రక్తంలో ట్రేసర్ గాఢత సమయంతో ఎలా మారిందో చూపే గీత ఇది; గడ్డకూ ఇలాంటిదే ఒకటి గీస్తారు. నా అభిప్రాయంలో పరీక్ష మొత్తం రక్తం గ్రాఫు మీదే నిలబడుతుంది. గడ్డ గ్రాఫు కాస్త గజిబిజిగా ఉన్నా లెక్క తట్టుకుంటుంది. అయోర్టా గ్రాఫు తప్పితే మాత్రం, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా వచ్చే అంకె చెత్తే.

ఫ్రేములను వరసగా చూడండి. ముందు చేతి సిర, పైనున్న పెద్ద సిర, గుండె కుడివైపు, పల్మనరీ ఆర్టరీ, రెండు ఊపిరితిత్తులూ ఒక్కసారిగా వెలగడం, తర్వాత గుండె ఎడమవైపు, ఆఖరున అయోర్టా. అయోర్టా బాగా వెలిగిన ఫ్రేము మీద, అసెండింగ్ భాగం మధ్యలో ఒక సెంటీమీటర్ వ్యాసంతో వృత్తం గీసి, నాలుగైదు స్లైసుల మీద పరచండి. అయోర్టా వెడల్పు సుమారు మూడు సెంటీమీటర్లు. మధ్యలో చిన్నగా గీస్తే అంచుల మసక తగలదు. పక్కనే పల్మనరీ ఆర్టరీ ఉంది, అటువైపు జరగొద్దు. అయోర్టా శిఖరానికి కొన్ని సెకన్ల ముందే చిన్న ఉబ్బు కనిపిస్తే అది చిత్రంలో పల్మనరీ ఆర్టరీ నుంచి ఇటు చిందిన వెలుగే. వృత్తాన్ని జరిపి మళ్ళీ గీయండి.

ఇప్పుడు ఎకో రిపోర్టు బయటికి తీయండి. ఇచ్చిన డోసును, గ్రాఫు మొదటి శిఖరం కింది వైశాల్యంతో భాగిస్తే గుండె నిమిషానికి తోసే రక్తం రావాలి. (దిగుతున్న వాలును సాఫీగా సున్నా దాకా పొడిగించి, రెండోసారి తిరిగొచ్చిన ట్రేసర్‌ను వదిలేయాలి.) మన ఉదాహరణలో 300 మెగాబెక్వెరెల్ అంటే 3,00,000 కిలోబెక్వెరెల్. గుండె నిమిషానికి 5 లీటర్లు తోస్తుంటే వైశాల్యం 60 కిలోబెక్వెరెల్-నిమిషం/మి.లీ. దగ్గర ఉండాలి. మీకు 20 వచ్చిందనుకోండి, పడుకున్న మనిషి గుండె నిమిషానికి 15 లీటర్లు తోస్తోందని అర్థం. అది జరిగే పని కాదు. ట్రేసర్ చేతిలో చిందింది, లేదా ట్యూబులో మిగిలింది, లేదా స్కానర్ శిఖరాన్ని పట్టుకోలేకపోయింది. 100 వచ్చిందంటే 3 లీటర్లు: పేషెంటు గుండె నిజంగా బలహీనమో, పక్క రక్తనాళం వెలుగు చిందుతోందో ఎకో చెబుతుంది. ఈ చిన్న లెక్కకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కాల్క్యులేటర్ చాలు. దీన్ని దాటని స్కాన్‌ను నేనైతే విశ్లేషణలోకే తీసుకోను.

ఏడో మెట్టు: గడ్డ చుట్టూ గీత

గంట తర్వాతి ఎఫ్‌డీజీ చిత్రం మీద, గరిష్ఠ విలువలో 50 శాతం గీతతో గడ్డను గుర్తించి, దాన్ని డైనమిక్ (మొదటి పది నిమిషాల వరస) చిత్రాల మీదికి తెచ్చుకోవడం తేలిక. పేషెంటు మధ్యలో దిగి మళ్ళీ ఎక్కాడు కాబట్టి సీటీలను ఒకదాని మీద ఒకటి పెట్టి సరిచూసుకోవాలి. మధ్యలో చచ్చిపోయిన భాగం ఉంటే ఈ గీత దాన్ని వదిలేస్తుంది. మొత్తం గడ్డ అంకె కావాలా, బతికున్న అంచు అంకె కావాలా అన్నది ముందే ప్రోటోకాల్‌లో రాసుకోండి. స్కాన్ చూశాక నిర్ణయించుకుంటే కావలసిన జవాబే వస్తుంది.

గడ్డ వెనుక ముడుచుకుపోయిన ఊపిరితిత్తి ముక్కను గడ్డలో కలపకండి. సీటీలో రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి గానీ, ఆ ముక్క పల్మనరీ రక్తంతో ముందే వెలుగుతుంది. రెండు సెంటీమీటర్ల కన్నా చిన్న గడ్డల్లో మసక వల్ల అంకె తగ్గుతుంది. గుండెకో పెద్ద రక్తనాళానికో సెంటీమీటర్ దూరంలో ఉన్న గడ్డల్లో పక్కదాని వెలుగు చిందడం వల్ల పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టే సెంటర్ మొదట మూడు సెంటీమీటర్ల పైనున్న, పై లోబులోని, గుండెకు దూరంగా ఉన్న గడ్డలతో మొదలుపెడితే చెయ్యి తిరుగుతుంది. పై లోబు గడ్డలు ఊపిరితో తక్కువ కదులుతాయి, కింది లోబువి సెంటీమీటర్, రెండు సెంటీమీటర్లు కదలొచ్చు. ఒక ఊపిరి నాలుగైదు సెకన్లు కాబట్టి ఐదు సెకన్ల ఫ్రేములో గేటింగ్ (ఊపిరి దశను బట్టి డేటాను విడదీయడం) చేసే వీలు లేదు. ప్రతి ఫ్రేమూ ఒక ఊపిరి సగటు అనుకుని ముందుకెళ్ళడమే.

ఎనిమిదో మెట్టు: లెక్క

ఫస్ట్-పాస్ లెక్క ఇంతే: గడ్డలో చేరిన ట్రేసర్ గాఢతను, అప్పటిదాకా అయోర్టా గ్రాఫు కింద పోగైన వైశాల్యంతో భాగించాలి. "అప్పటిదాకా" అంటే గడ్డ గ్రాఫు వేగంగా ఎక్కడం ఆగి మెత్తబడే చోటు, సిరల గుండా ట్రేసర్ బయటికి పోవడం మొదలవక ముందు. మామూలుగా మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే ఉంటుంది. గడ్డలో ఆ క్షణాన 15 కిలోబెక్వెరెల్/మి.లీ., వైశాల్యం 60 అయితే, ప్రవాహం మిల్లీలీటర్ గడ్డకు నిమిషానికి 0.25 మిల్లీలీటర్లు. కొందరు 100 మిల్లీలీటర్లకు 25 అని రాస్తారు. ఈ పద్ధతిలో గడ్డలోని రక్తనాళాల వాటాను వేరుగా తీసేయకూడదు. అప్పటికి గడ్డలో ఉన్న ట్రేసరంతా లెక్కలోదే.

ఇందులో ఒక ఊహ దాగి ఉంది: గడ్డలోకి వచ్చిన ఎఫ్‌డీజీ అంతా అక్కడే ఆగిందని. అది పూర్తిగా నిజం కాదు. కొంత వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. రక్తం ఎంత వేగంగా పారితే అంత ఎక్కువ తప్పించుకుంటుంది. కాబట్టి ఈ అంకె అసలు ప్రవాహం కంటే తక్కువే చెబుతుంది, ప్రవాహం ఎక్కువున్న గడ్డల్లో మరీ తక్కువ చెబుతుంది. అందుకని అదే డేటా మీద వన్-టిష్యూ మోడల్‌ను (గడ్డను ఒకే గదిగా భావించే లెక్కను) కూడా ఫిట్ చేయండి. అందులో మూడు తెలియని అంకెలు: లోపలికి వచ్చే వేగం కె1, బయటికి పోయే వేగం కె2, రక్తనాళాల వాటా. అయోర్టా నుంచి గడ్డకు చేరే ఆలస్యాన్ని కూడా సాఫ్ట్‌వేర్ సర్దాలి. వచ్చిన కె1ను "రక్తప్రవాహం" అని కాకుండా కె1 అనే రిపోర్టులో రాయండి. రెండు పద్ధతులూ పేషెంట్లను ఒకే వరసలో పెడుతున్నాయంటే ధైర్యంగా ఉండొచ్చు.

ఆక్సిజన్-15 నీళ్ళతో చేసేవాళ్ళకు ఇదే వన్-టిష్యూ మోడల్ నేరుగా ప్రవాహాన్ని ఇస్తుంది. గడ్డ కొంత పల్మనరీ రక్తం కూడా తీసుకుంటోందన్న అనుమానం ఉంటే, కుడి జఠరిక గ్రాఫును రెండో సరఫరాగా మోడల్‌లో చేర్చాలి. అది అయోర్టా కంటే కొన్ని సెకన్ల ముందు శిఖరానికి చేరుతుంది కాబట్టి లెక్క రెండింటినీ విడదీయగలదు.

తొమ్మిదో మెట్టు: అంకెను చదవడం

రోగనిర్ధారణకు దీన్ని వాడొద్దు. మన దగ్గర టీబీ ఎక్కువ. పాత టీబీ ఉన్న ఊపిరితిత్తిలో బ్రాంకియల్ ఆర్టరీలు లావెక్కుతాయి, నోట్లోంచి రక్తం పడటానికి ఒక కారణం అదే. టీబీ గడ్డ ఎఫ్‌డీజీతో వెలుగుతుంది, రక్తమూ బాగానే తీసుకోవచ్చు. బయాప్సీ లేకుండా "రక్తప్రవాహం ఎక్కువుంది, కాబట్టి క్యాన్సర్" అనే వాక్యం ఏ రిపోర్టులోనూ ఉండకూడదు.

దీని అసలు ఉపయోగం ఒకే పేషెంటులో ముందూ తర్వాతా పోల్చడం. కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ లాంటి మందుల విషయంలో అది బాగా తెలిసింది. ఆమ్‌స్టర్‌డామ్ బృందం 2012లో ప్రచురించిన పనిలో, ఊపిరితిత్తి క్యాన్సర్ పేషెంట్లకు ఆ మందు ఇచ్చిన కొన్ని గంటల్లోనే గడ్డ రక్తప్రవాహం పడిపోయింది, దానితో పాటు గడ్డలోకి చేరే డోసిటాక్సెల్ అనే కీమో మందు కూడా తగ్గింది. నాలుగు రోజుల తర్వాత చూసినా అలాగే ఉంది. రెండు మందులు కలిపి ఇచ్చేటప్పుడు ఏది ముందు, ఎంత ఎడం అన్న ప్రశ్నను ఆ కొలత లేవనెత్తింది. ఎఫ్‌డీజీ వెలుగును మాత్రమే చూసుంటే అది బయటపడేది కాదు.

పోల్చాలంటే రెండు స్కాన్లూ ఒకే స్కానర్ మీద, ఒకే డోసుతో, వీలైతే రోజులో ఒకే వేళకు, ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో జరగాలి. కొద్ది శాతం మార్పును మార్పుగా లెక్కపెట్టొద్దు. మీ సెంటర్‌లో చికిత్స ఏమీ మారని కొందరు పేషెంట్లలో, సమ్మతితో, కొన్ని రోజుల తేడాలో రెండుసార్లు కొలిచి చూస్తేనే మీ కొలత సహజంగా ఎంత ఊగుతుందో తెలుస్తుంది. దానికన్నా పెద్దదైతేనే మార్పు. ఆక్సిజన్-15తో ఈ పని పది పదిహేను నిమిషాల ఎడంతో ఒకే పూటలో అయిపోతుంది. ఎఫ్‌డీజీతో రెండో రోజు తప్పదు, రెండో డోసు (300 మెగాబెక్వెరెల్‌కు సుమారు 5.7 మిల్లీసీవర్ట్) కూడా తప్పదు. ఎథిక్స్ కమిటీ ముందు దీన్ని దాచకుండా పెట్టండి.

రిపోర్టులో ఏం రాయాలి

గడ్డ ఎక్కడ, ఎంత పరిమాణం, ఏ పద్ధతితో లెక్కించారు, ప్రవాహం లేదా కె1 ఎంత, యూనిట్లు. ఆ రోజు బీపీ, గుండె వేగం, హిమోగ్లోబిన్, షుగర్. గ్రాఫు నుంచి వచ్చిన గుండె అవుట్‌పుట్ అంకె, దాని పక్కనే ఎకోలోని అంకె. అయోర్టా గ్రాఫు, గడ్డ గ్రాఫు, ఫిట్ అయిన గీత మూడూ ఒకే బొమ్మలో అంటించండి. ట్యూమర్ బోర్డులో అంకాలజిస్టు అంకెనే చూస్తారు గానీ, ఇంకో సెంటర్ న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ ఆ బొమ్మను చూసే అంకెను నమ్మాలో వద్దో నిర్ణయించుకుంటారు. లిస్ట్ మోడ్ డేటా చాలా జాగా తింటుంది, కొన్ని స్కానర్లు కొద్ది రోజులకే దాన్ని వాటంతటవే చెరిపేస్తాయి. స్కాన్ అయిన రోజు సాయంత్రమే వేరే డిస్కులోకి కాపీ చేయించండి. రెండో స్కాన్ వచ్చే నాటికి ఫ్రేముల కోత మార్చాల్సి వస్తే మొదటిదాన్నీ మళ్ళీ కోయాలి.